తిలాపాపం వాటాకో పిడికెడు

సెల్మర్ ఫ్లాటెన్‌కి ఒకటే అలవాటు. ఏది చెప్పినా ముందు చెడ్డ కబురు చెప్పాలి. మంచి కబురంటూ ఉంటే అది తర్వాత. శుభం పలకరా మంకెన్నా అన్న సామెత మిన్నెసోటాలో పుట్టలేదు గాని, పుట్టే ఉంటే హాస్కెట్ ఊళ్ళో, ఫ్లాటెన్ వారింట్లోనే పుట్టి ఉండేది.

పెళ్ళి మాట ఎత్తినప్పుడూ ఇదే వరస. ఆగ్నెస్‌ని సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ముందు చెడ్డ కబురు. నేను గురక పెడతాను. పొలం మా అన్నయ్య పేర వెళ్ళిపోయింది. మా అమ్మ మనతోనే ఉంటుంది, ఆవిడకి ఎవరి వంటా నచ్చదు," అన్నాడు.

ఆగ్నెస్ కాసేపు ఎదురుచూసింది. "మరి మంచి కబురు?"

"నిన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాను కదా."

"అది మంచి వాటిల్లో వేసుకోవాలో చెడ్డ వాటిల్లో వేసుకోవాలో నాకు ఇంకా తేలలేదు," అని ఆగ్నెస్ ఆ తర్వాత జీవితమంతా వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది. పెళ్ళి మాత్రం చేసుకుంది.

చర్చి తరఫున రోగుల్ని పరామర్శించే వంతు ఆయనకి ఒక్కసారే వచ్చింది. తుంటి విరిగి ఆస్పత్రిలో పడుకున్న ఒక టర్కీకోళ్ళ రైతు మంచం పక్కన కూర్చుని, "ముందు చెడ్డ కబురు. గాలివానకి మీ కోళ్ళ షెడ్డు కప్పు ఎగిరిపోయింది," అన్నాడు. రైతు లేవబోయాడు. నర్సు వచ్చి సెల్మర్‌ని రెక్క పట్టుకుని బయటికి పంపేసింది. చుట్టుపక్కల వాళ్ళంతా కలిసి మర్నాడే కొత్త కప్పు వేశారన్న మంచి కబురు ఆయన నోట్లోనే ఉండిపోయింది. పాపం ఆ రైతు ఇంటికొచ్చి కళ్ళారా చూసుకునే దాకా కుమిలిపోతూనే ఉన్నాడు.

ఇలాంటి మనిషి ఏ బట్టల కొట్టో పెట్టుకుని ఉంటే గుట్టుగా బతికేవాడు. కంప్యూటర్ల కంపెనీ పెట్టాడు. అదీ కంప్యూటరంటే ఒక గది నిండా బీరువాలు, దీపాల్లా వెలిగే వేలకొద్దీ గాజు వాల్వులు, వాటిని చల్లబరచడానికి ఇంకో గది నిండా ఫ్యాన్లు ఉండే రోజుల్లో. ఊళ్ళో మూతబడ్డ వెన్న ఫ్యాక్టరీ అద్దెకి తీసుకుని, దానికి బాస్‌వుడ్ కంప్యూటర్ కంపెనీ అని బోర్డు పెట్టాడు. ఎండాకాలం వస్తే గోడల్లోంచి వెన్న వాసన వచ్చేది. ఆయన ఇంజినీరు కాదు. యుద్ధకాలంలో నౌకాదళంలో ఇంజినీర్ల జీతాల లెక్కలు రాసిన మనిషి. స్క్రూడ్రైవరు ఏ చివర పట్టుకోవాలో తనకి తెలియదన్న సంగతి కూడా ఆయనే అందరికీ ముందుగా చెప్పేవాడు.

మొదటి కంప్యూటరు కొనడానికి ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు వచ్చినప్పుడు, ఇంజినీర్లంతా సెల్మర్‌ని ఏదో ఒక వంకతో ఆ పూట ఊరు దాటించాలని చూశారు. కుదరలేదు. ఆయన వచ్చి కూర్చుని, "ముందు చెడ్డ కబురు. ఇది పెట్టిన గది కొలిమిలా ఉంటుంది. జనవరిలో కూడా కిటికీలు తెరుచుకోవాలి. దీపాలు మాడిపోతూ ఉంటాయి. ఒక్కోసారి తప్పు చెబుతుంది, అదీ చాలా ధీమాగా చెబుతుంది," అన్నాడు.

వచ్చినాయన నవ్వుతూ, "మా మేనేజరూ అంతే," అని సంతకం పెట్టాడు.

వాటాలు కూడా ఆయన అలాగే అమ్మాడు. పెద్ద ఊళ్ళలో వాటాలు అమ్మడానికి వేరే మనుషులుంటారు. హాస్కెట్‌లో సెల్మర్ ఇంటింటికీ వెళ్ళి, ముందుగదిలో కూర్చుని అమ్మాడు. మంగలి క్లారెన్స్ న్యాప్ దగ్గరికి వెళ్ళినప్పుడు, "ముందు చెడ్డ కబురు. ఈ డబ్బు పోవచ్చు. పోయినా నీకు రాత్రి నిద్ర పట్టేంతే ఇవ్వు," అన్నాడు.

"బ్యాంకు వాడెవడూ నాతో ఇంత ఇదిగా మాట్లాడలేదు," అని క్లారెన్స్ అనుకున్నదానికంటే ఎక్కువ వాటాలు కొన్నాడు. చర్చిలో ఆర్గన్ వాయించే హుల్డా బ్రెక్కె కూడా కొంది. ఎనభై దాటిన ఆ ముసలమ్మని ఊరంతా పెద్దమ్మ అనేవారు. టర్కీకోళ్ళ రైతులు కొన్నారు, తుంటి విరిగినాయనతో సహా.

ఇంత జనం వాటాదారులైనాక, ఏటేటా వాళ్ళకి కంపెనీ అధ్యక్షుడు ఒక సందేశం రాయాలి. అదిగో, అక్కడ వెర్నా లిండాల్ కష్టాలు మొదలయ్యాయి.

వెర్నా సెల్మర్ సెక్రటరీ. చురుకైన మనిషి. మిగతా కంప్యూటర్ల కంపెనీలు తమ వాటాదారులకి పంపే పుస్తకాలు తెప్పించుకుని ఇంటికి పట్టుకెళ్ళి నవలల్లా చదివేది. ఆ పుస్తకాల సోకే వేరు. నున్నటి కాగితం, అట్ట మీద సూర్యోదయం, లోపల మానవజాతికి కొత్త ఉదయం. నష్టమొస్తే నష్టమని ఎవరూ రాయరు, భవిష్యత్తు మీద పెట్టుబడి అంటారు. ఎవరూ కొనకపోతే మార్కెట్టు సిద్ధమవుతోందంటారు. యంత్రం తగలబడితే అమూల్యమైన అనుభవం గడించామంటారు. వెర్నాకి ఆ విద్య అంతా పట్టుబడింది. వాడుకోనిచ్చే నాథుడే లేడు.

"సెల్మర్ గారూ, ఈసారి 'ఈ సంవత్సరం సంతృప్తికరంగా సాగింది' అని మొదలుపెడదామండీ," అనేది.

"ఎవరికి సంతృప్తి?"

"మనకి."

"నాకు లేదే. నీకుందా?"

"నాకూ లేదనుకోండి. కానీ అలా రాస్తారండీ అందరూ."

"అందరికీ ఉందేమో మరి," అనేవాడు సెల్మర్, ఏ వ్యంగ్యమూ లేకుండా.

"పోనీ మన యంత్రాన్ని ఎలక్ట్రానిక్ మెదడు అని రాయనా? న్యూయార్కు వాళ్ళు అలాగే రాస్తున్నారు."

"మెదడని రాస్తే పెద్దమ్మ దానికి బాప్తిస్మం ఇప్పించారా అని అడుగుతుంది. వద్దు తల్లీ. రాసుకో. ప్రియమైన వాటాదారులారా, ముందు చెడ్డ కబురు. కంప్యూటరు ఉన్న పెట్టెని వర్షంలో బయట వదిలేశాను."

ప్రతి ఏడూ ఇంతే. నేను పెట్టెని తడిపాను. నేను కొలత తప్పు వేసి తలుపులో పట్టని బీరువా చేయించాను. నేను డెట్రాయిట్‌కి పంపాల్సిన సామాను డులూత్‌కి పంపాను. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకునే బాపతు. మంచి కబురు ఎక్కడో చివరి పేజీలో, దీపం ఆర్పేముందు గుర్తొచ్చినట్టు ఒక వాక్యం ఉండేది.

ఊరికి మాత్రం ఆ సందేశం పండగ. అది వచ్చిన రోజు క్లారెన్స్ మంగలికొట్లో క్షవరాలు ఆగిపోయేవి. ఒకడు చదువుతాడు, మిగతావాళ్ళు వింటారు. వాటాల్లేని వాళ్ళు కూడా వచ్చి గోడకానుకుని నిలబడేవారు.

"ఈసారి ఏం తగలేశాడట మన ప్రెసిడెంటు?"

"బీరువా తలుపులో పట్టలేదట."

"కొలుచుకోలేదా?"

"కొలిచాడట. తలుపుని కాదు, కిటికీని."

కొట్టంతా నవ్వు. కోపం ఒక్కడికీ వచ్చేది కాదు. హుల్డా పెద్దమ్మ మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా తల పంకించేది. "వాడు చిన్నప్పుడూ అంతే. ఆదివారం బడి కిటికీ అద్దం పగిలితే, రాయి వేసినవాడు ఇంకా పరిగెడుతుండగానే వీడు చెయ్యెత్తేవాడు."

ఇలా నవ్వుకుంటూ పోతున్న రోజుల్లో అయోవా గొడవ వచ్చింది.

అయోవాలో ఒక విత్తనాల కంపెనీ ఉంది. పోస్టులో ఆర్డర్లు తీసుకుని పోస్టులోనే విత్తనాలు పంపుతుంది. వాళ్ళు బాస్‌వుడ్ వారి సరికొత్త కంప్యూటరు కొన్నారు. పెట్టిన కొన్నాళ్ళకి అది పిచ్చెక్కినట్టు చెయ్యడం మొదలుపెట్టింది. క్యారెట్లడిగిన వాళ్ళకి టర్నిప్పులు. బంతిపూలడిగిన వాళ్ళకి టర్నిప్పులు. కిటికీలో కుండీ పెట్టుకుందామని చిన్న పొట్లం అడిగిన ఒక ఒంటరి ముసలావిడకి ఒక బండెడు టర్నిప్పు విత్తనాలు. ఇంజినీర్లు పరిగెత్తారు. వాళ్ళు వెళ్ళాక అది ఇంకా రెచ్చిపోయింది. బీరువాలన్నీ విప్పి బిగించారు, ఏ లోపమూ దొరకలేదు. కంప్యూటరు వెనక్కి తీసుకుపొమ్మని విత్తనాల కంపెనీ కబురు పెట్టింది.

చివరికి సెల్మరే బయల్దేరాడు. దాన్ని బిగించి వచ్చిన ఇంజినీరు డ్యుయేన్ ఓస్ట్‌బీని వెంట తీసుకెళ్ళాడు. డ్యుయేన్ పనిలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మెతక మనిషి, ఎవరేం అడిగినా కాదనలేడు.

ఆ రోజు విత్తనాల ఆఫీసులో రోజూ కాఫీ పెట్టే ఆవిడకి జ్వరం. ఆవిడ బదులు చికాగో నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంది. "కాఫీ పెట్టమంటారా?" అని అడిగింది.

"అయ్యో, ఎందుకమ్మా శ్రమ," అన్నాడు సెల్మర్. మన వైపు మర్యాద తెలుసు కదా. మొదటిసారి వద్దనాలి. రెండోసారి, 'నాకోసమైతే వద్దు' అనాలి. మూడోసారి, 'సరే, పెట్టింది ఉంటే అరకప్పు' అనాలి. ఆఫీసులో అందరూ అదే మర్యాద పాటించి ఒక్కసారి వద్దన్నారు. చికాగో అమ్మాయి, "సరే," అని వెళ్ళి తన పని చూసుకుంది.

రెండోసారి అడుగుతుందని ఆఫీసంతా ఎదురుచూసింది. పది గంటల కాఫీ లేదు. మూడు గంటల కాఫీ లేదు. గుమస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, నోరు విప్పి అడగడానికి మొహమాటం. సెల్మర్‌కి తల పగిలిపోతోంది. కంప్యూటరు మాత్రం రోజంతా ముత్యాల్లాంటి జవాబులిచ్చింది. క్యారెట్లకి క్యారెట్లు, బంతికి బంతి.

సాయంత్రానికి సెల్మర్ ఓడిపోయాడు. "అమ్మాయీ, ముందు చెడ్డ కబురు. పొద్దున నేను అబద్ధం చెప్పాను. నాకు కాఫీ కావాలి."

ఆ అమ్మాయి కాఫీ బాయిలరు స్విచ్చి వేసింది. బుస్సుమంది. కంప్యూటరు గదిలోంచి కాగితం బయటికొచ్చింది. టర్నిప్పులు.

డ్యుయేన్ మొహం తెల్లబడింది. బాయిలరు తీగ పట్టుకుని గోడ దాకా వెళ్ళి, అక్కడే చతికిలబడ్డాడు. "సార్, ఈ ప్లగ్గు పాయింటు నేను పెట్టిందే. కంప్యూటరుకి విడిగా లాగిన లైనులోంచి ఇచ్చాను. రోజూ కాఫీ పెట్టే ఆవిడ ఈ బాయిలరుని కింద వంటగదిలోంచి మెట్లెక్కి మోసుకొచ్చేది సార్. ఇక్కడో పాయింటుంటే బాగుండు బాబూ అంది." బాయిలరు వెలిగినప్పుడల్లా లైనులో వోల్టేజి పడిపోతోంది, యంత్రానికి మతి పోతోంది. చూడడానికి వచ్చిన ఇంజినీర్లకి మర్యాదగా మరో రెండు విడతలు కాఫీ పెట్టారు గనక అది ఇంకా రెచ్చిపోయింది.

సెల్మర్ కాఫీ ఒక గుక్క తాగి, "ముందు చెడ్డ కబురు. కాఫీ బాగాలేదు," అన్నాడు. మంచి కబురు ఆ పూట చెప్పలేదు.

లోపం తెలిసింది గనక విత్తనాల కంపెనీ శాంతించింది. చికాగో బ్యాంకు శాంతించలేదు. బాస్‌వుడ్ వాటాల్లో అన్నిటికంటే పెద్ద మొత్తం ఆ బ్యాంకుది. దాని తరఫున డైరెక్టరుగా ఉన్న రాయిస్ ప్రెంటిస్ హాస్కెట్‌కి వచ్చాడు. తర్వాతి కంప్యూటరు కట్టాలంటే కొత్త వాటాలు అమ్మాలి, అవి అమ్మిపెట్టాల్సింది ఈయనే. మూల కూర్చుని మాటలు రాసుకోవడం వెర్నా వంతు.

"ప్రెసిడెంటు గారూ, చెడ్డ కబురు ముందే చెప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు ప్రెంటిస్. "కాని దానికో పేరుండాలి. ఫలానా ఇంజినీరు అజాగ్రత్త వల్ల జరిగింది, అతన్ని తీసేశాం. రెండే వాక్యాలు. చదివినవాడు హమ్మయ్య అనుకుంటాడు. పుండు కనబడింది, కోసేశారు, అయిపోయింది."

"మరి అతను చదివితే?" అన్నాడు సెల్మర్.

"అతను వాటాదారుడా?"

"కాదు."

"అయితే మనం రాస్తున్నది అతనికి కాదు కదా." ప్రెంటిస్ బ్యాగు మూసుకున్నాడు. "ఈసారి ముందు వాటాదారుల సభలో ఆ రెండు వాక్యాలు చదవండి, ఆ మీదట అచ్చు వెయ్యండి. లేకపోతే కొత్త వాటాలు మా బ్యాంకు ముట్టుకోదు."

ఆ రోజుల్లో కంప్యూటర్ల కంపెనీలు గుప్పెడు. అచ్చులో ఇలా పేరు పడ్డ ఇంజినీరుకి మళ్ళీ ఎక్కడా పని దొరకదు. ఆ సంగతి వెర్నాకి తెలుసు, డ్యుయేన్‌కీ తెలుసు. అతను అప్పుడే ఇంటి నుంచి పెట్టె తెచ్చుకుని బల్ల మీది సామాను సర్దుకుంటున్నాడు.

మర్నాడు సెల్మర్ గదిలో అటూ ఇటూ నడుస్తూ సందేశం చెప్పడం మొదలుపెట్టాడు. "రాసుకో. ముందు చెడ్డ కబురు. అయోవాలో కంప్యూటరు లైనుకి కాఫీ బాయిలరు తగిలించాను."

టైపు చేస్తున్న వెర్నా చేతులు ఆగిపోయాయి. "ఎవరండీ?"

"నేను."

"అయోవాలో ఆ లైను వేసిన రోజు మీరు పన్ను పీకించుకుని, బుగ్గ వాచి, నా ఎదురుగా కూర్చుని గంజి తాగుతున్నారు."

"కంపెనీ అక్కడుంది కదా."

వెర్నాకి అప్పుడు వెలిగింది. ఏళ్ళ తరబడి టైపు చేసింది గాని ఒక్కనాడూ ఆగి చూసుకోలేదు. "పెట్టె వర్షంలో తడిసిన వారం మీరు మీ అక్క అంత్యక్రియలకి ఫార్గో వెళ్ళారు. ఫార్గోలో ఉండి ఇక్కడి పెట్టె ఎలా తడిపారండీ?"

సెల్మర్ కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు. "వెర్నా, సెల్మర్ పెట్టె తడిపాడని చదివితే క్లారెన్స్ కొట్లో అందరూ నవ్వుతారు. సామాను కట్టే ఆల్విన్ తడిపాడని చదివితే, ఆల్విన్ క్షవరానికి వేరే ఊరు పోవాలి."

వెర్నాకి ఆయన మీద కోపమూ అభిమానమూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్ళూ ఇదేదో నోటి దురద అనుకుంది. పెట్టె తడిపినవాడు, కొలత తప్పినవాడు, సామాను డులూత్‌కి పంపినవాడు, అందరూ ఇంకా ఈ వెన్న ఫ్యాక్టరీలోనే పనిచేసుకుంటున్నారు.

"మరి బ్యాంకు?" అంది.

"బ్యాంకు పోవచ్చు. అది చెడ్డ కబురే."

"అసలు చెడ్డ కబురు ముందెందుకండీ ఎప్పుడూ?"

"చివర చెబితే జనం అదే పట్టుకుని ఇంటికి పోతారు. ముందు చెప్పేస్తే, ఇంటికెళ్ళే సరికి నోట్లో మంచి కబురుంటుంది."

"మంచి కబురు చెప్పేలోపు నర్సు బయటికి పంపేస్తే?" అంది వెర్నా. అయినా టైపు చేసింది. ఆవిడ భయమల్లా ఒకటే. ఇన్నాళ్ళూ ఆ మాటలు కాగితం మీదే వెళ్ళాయి, ఈసారి సభలో నోటితో చెప్పాలి. సెల్మర్‌కి అబద్ధం ఆడటం రాదు, ఆడితే చెవులు ఎర్రబడతాయి.

వాటాదారుల సభ ఏటా చర్చి నేలమాళిగలోనే జరిగేది. మడత కుర్చీలు, చెక్క బల్లలు, పళ్ళేల్లో తీపి ముక్కలు, చేతుల్లో కాఫీ కూజాలతో తిరిగే ఆడవాళ్ళు. ముందు వరసలో ప్రెంటిస్ కూర్చున్నాడు. కాఫీ ఇవ్వబోతే ఈసారి ఆయనే మర్యాదకి వద్దన్నాడు. ఎవరో చెప్పారట, ఈ ఊళ్ళో అలా అనాలని. రెండోసారి కూడా వద్దని, మూడోసారి కోసం కూజా ఎటు వెళుతోందో కళ్ళతోనే వెతుక్కుంటున్నాడు. వెనక వరసలో గోడ వారగా డ్యుయేన్ కూర్చున్నాడు.

సెల్మర్ లేచాడు. "ముందు చెడ్డ కబురు. అయోవాలో కంప్యూటరు లైనుకి కాఫీ బాయిలరు ప్లగ్గు నేనే పెట్టాను." చెవులు దానిమ్మ గింజలైపోయాయి.

మంగలికొట్లో వచ్చే నవ్వు ఇక్కడ రాలేదు. క్లారెన్స్ చెయ్యెత్తాడు. "అధ్యక్షా, ఒక ప్రశ్న. పోయిన శీతాకాలం మా కొట్లో రేడియో ప్లగ్గు పెట్టమంటే, ఎలాగో కనుక్కుందామని మీరు ఆగ్నెస్‌కి ఫోను చేశారు. అయోవాలో ఎవరికి చేశారు?"

ఇప్పుడు నవ్వు వచ్చింది. ఆగ్నెస్ చేతిలో కూజాతో నిలబడి, "నాకు మాత్రం చెయ్యలేదు," అంది.

హుల్డా పెద్దమ్మ కర్ర ఆనించుకుని లేచింది. "అబ్బాయీ, పైన చర్చి ఉంది. గుర్తుపెట్టుకుని చెప్పు. నువ్వు పెట్టావా?"

"కంపెనీ తరఫున పెద్దమ్మా..."

"కంపెనీ ఊసు కాదు. చెయ్యి ఎవరిదని అడుగుతున్నాను."

వెనక కుర్చీ చప్పుడైంది. డ్యుయేన్ లేచి నిలబడ్డాడు. "చెయ్యి నాదండీ. కాఫీ పెట్టే ఆవిడ బాయిలరు మోసుకొస్తుంటే చూడలేక పెట్టాను."

హాలంతా అటు తిరిగింది. ప్రెంటిస్ సంతోషంగా తిరిగాడు. ఇంతలో ఇంకో మూల నుంచి సామాను కట్టే ఆల్విన్ లేచి, "వర్షంలో పెట్టె వదిలింది కూడా ఆయన కాదండీ. నేను," అన్నాడు. కిటికీ కొలిచినాయన లేచాడు. డులూత్ ఆయన లేవబోతుంటే పాస్టరు గారు కంగారుపడి చేతులు అడ్డం పెట్టారు. "కూర్చోండి, కూర్చోండి. మనం లూథరన్లం. ఇలా లేచి సాక్ష్యాలు చెప్పుకోవడం అవతలి వీధి చర్చి వాళ్ళ పద్ధతి."

హాస్కెట్‌లో ఎవరైనా ప్రతిపాదించి, ఇంకొకరు బలపరచకపోతే సూపు కూడా వడ్డించరు. క్లారెన్స్ గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షుల వారు తప్పు తనదే అని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును ఈ సభ ఒప్పుకోరాదని ప్రతిపాదిస్తున్నాను." టర్కీకోళ్ళ రైతు బలపరిచాడు. చేతులు లేచాయి. వ్యతిరేకంగా సెల్మర్ ఒక్కడే ఎత్తాడు.

ప్రెంటిస్ లేచాడు. "మంచిది. అయితే తప్పు ఆ ఇంజినీరుదని సభ ముందే తేలింది. రాసుకోండమ్మా." వెర్నా పెన్సిలు కదల్లేదు.

"ఆగు బాబూ," అంది పెద్దమ్మ ఇంకా నిలబడే. "సెల్మర్, ఈ కంపెనీ ఎవరిది?"

"మీ అందరిదీ పెద్దమ్మా. ఎవరి వాటా మేరకు వాళ్ళది."

"లాభం వస్తే ఏం చేస్తావు?"

"వాటాల చొప్పున పంచుతాను."

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పంచావా?"

"లేదు. రాకపోవచ్చని నేను ముందే చెప్పాను. కాని ఈ ఏడు..."

"చెప్పావులే. లాభం ఎలాగూ లేదు. ఈ ఏడు మన చేతిలో ఉన్నది తప్పొక్కటే. అదే పంచెయ్. ఆడమనిషి బరువు మోస్తోందని ఒక పాయింటు పెట్టిన పిల్లాడి నెత్తిన మొత్తం రుద్దడానికి, మనమంతా ఎందుకున్నట్టు? తిలాపాపం తలా పిడికెడు అన్నారు. వాటాకో పిడికెడు చొప్పున పంచాలని నా ప్రతిపాదన."

"బలపరుస్తున్నాను," అన్నారు నలుగురైదుగురు. క్లారెన్స్ చేతులు లెక్కపెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఆగ్నెస్ కూజా పట్టుకుని ముందు వరస దాటిపోతోంది. ఇది మూడోసారి, ఇది తప్పితే ఇక దొరకదని ప్రెంటిస్ గబుక్కున చెయ్యెత్తాడు.

"బ్యాంకు కూడా," అన్నాడు క్లారెన్స్. "ఏకగ్రీవం."

ప్రెంటిస్ ఎత్తిన చెయ్యి దించేలోపే అందులో కప్పు పెట్టేశారు. ఏదో అనబోయాడు, ఇంకో చేతిలో తీపి ముక్క పెట్టారు. పెద్దమ్మ ఆయన పక్కకి జరిగి కూర్చుని జాలిగా చూసింది. "నాకు పిసరంతే వచ్చింది బాబూ. అందరికంటే వాటాలు మీ బ్యాంకువే కదా, తప్పులో సింహభాగం మీకే పడింది. తప్పున్నవాణ్ణి తీసెయ్యాలంటే ముందు మీరే పోవాలి మరి, రాజీనామా ఏమైనా ఇస్తారా?"

ప్రెంటిస్ కప్పు వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు, గోడ వార నిలబడ్డ డ్యుయేన్ వైపు చూశాడు. ఆయన నవ్వడం హాస్కెట్ వాళ్ళు చూడటం అదే మొదలు. "ఇది చికాగోలో నేనెలా చెప్పను?"

"ముందు చెడ్డ కబురు చెప్పండి," అన్నాడు సెల్మర్ వెంటనే. ఈ విషయంలో ఆయన్ని మించినవాడు లేడు. "తప్పులో పెద్ద వాటా మనదేనని."

"మంచి కబురు?"

"డ్యుయేన్ సోమవారం పనికొస్తున్నాడు. ఇక మీద ప్రతి కంప్యూటరుకీ కరెంటు లైను అతనే చూస్తాడు. నోరు కాల్చుకున్నవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు. అంతకంటే జాగ్రత్తపరుణ్ణి మీరు ఏ ఊళ్ళోనూ కొనలేరు."

ప్రెంటిస్ చికాగోలో ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. కొత్త వాటాలు మాత్రం బ్యాంకు అమ్మిపెట్టింది. ఆ పై నుంచి బాస్‌వుడ్ వాళ్ళు ఎక్కడ కంప్యూటరు పెట్టినా, పక్కన కాఫీ కోసం విడిగా ఇంకో లైను లాగి, దానికి వేరే రంగు పూసేవారు.

సభ అయ్యాక వచ్చిన సోమవారం వెర్నా, అచ్చుకి పంపాల్సిన సందేశం తనే సరిదిద్ది సెల్మర్ బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. 'ప్రియమైన వాటాదారులారా, ముందు చెడ్డ కబురు. ఈ ఏడు మన అధ్యక్షులు సభలో ఒక అబద్ధం ఆడారు. సభ దాన్ని ఓటు వేసి కొట్టేసింది.'

సెల్మర్ పెన్సిలు తీశాడు. "వెర్నా, ఇది తీసేద్దామమ్మా. పోనీ, ఎక్కడో చివర పెట్టు."

"చివర పెడితే జనం అదే పట్టుకుని ఇంటికి పోతారండీ."

ఆయన ఆలోచించాడు. తన మాటే, కాదనడానికి వీల్లేకపోయింది. "అబద్ధం అన్న మాట మరీ మొరటుగా లేదూ?"

"చెవుల సంగతి కూడా రాయనా?"

"వద్దు వద్దు. ఇది చాలు," అని పెన్సిలు కింద పెట్టేశాడు.

అలాగే అచ్చయింది. క్లారెన్స్ కొట్లో ఆ రోజు మొదటి మూడు వాక్యాలే మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. కంపెనీకి ఆ ఏడు తొలిసారి లాభం వచ్చిందని చివరి పేజీలో ఉంది గాని, అక్కడి దాకా ఎవరూ రాలేదు.